గడప దగ్గరే ఆగిపోతున్న వీల్‌చైర్.. వెన్నెముక ఆపరేషన్ తర్వాత ఇల్లు, ప్రయాణం ఎలా మార్చుకోవాలి?

డిశ్చార్జ్ రోజు. అంబులెన్స్ గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. నలుగురు కుర్రాళ్లు వచ్చి, భాయ్‌ని దుప్పట్లో ఎత్తుకుని నాలుగు మెట్లు ఎక్కించి లోపల మంచం మీద పడుకోబెట్టారు. అమ్మీ షుక్రానా నమాజు చేసింది. కొత్తగా కొన్న వీల్‌చైర్ మాత్రం వరండాలోనే ఉండిపోయింది. ఎందుకంటే దాని వెడల్పు 26 అంగుళాలు, బాత్రూం తలుపు సందు 24 అంగుళాలు. ఇక అప్పటి నుంచి స్నానం మంచం మీదే, మిగతా అవసరాలూ మంచం మీదే. ఆరు నెలలు గడిచేసరికి వీపు కింద పుండు.

ఇలాంటి ఇల్లు మన బస్తీల్లో ఒకటి కాదు. సెంట్రింగ్ పనిలో జారిపడినవాళ్లు, బైక్ ప్రమాదంలో నడుం విరిగినవాళ్లు, గల్ఫ్‌లో పనిచేస్తూ పైనుంచి పడి స్ట్రెచర్ మీద తిరిగొచ్చినవాళ్లు, వెన్నులో గడ్డకో టీబీకో ఆపరేషన్ అయినవాళ్లు. ఆస్పత్రికి లక్షలు పెట్టిన కుటుంబమే ఇంట్లో రెండు అంగుళాల దగ్గర ఓడిపోతోంది. మనిషిని మంచాన పడేసింది వెన్నెముక అనుకుంటాం. చాలాసార్లు నిజంగా పడేసింది బాత్రూం తలుపే.

"ర్యాంపు కడితే ఇక నడవడని ఒప్పుకున్నట్టేగా?"

ఇల్లు మార్చమని చెబితే చాలా మంది పెద్దవాళ్ల నోట వచ్చే మొదటి మాట ఇదే. "ఇన్షా అల్లాహ్ నాలుగు నెలల్లో లేచి తిరుగుతాడు, ఇప్పుడెందుకు గోడలు పగలగొట్టడం" అంటారు. ఆ ప్రేమ అర్థమవుతుంది. కానీ ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. విరిగిన ఎముకను రాడ్లు, స్క్రూలతో నిలబెట్టడం, నరాల మీద ఒత్తిడి తీసేయడం, ఇదీ ఆపరేషన్ చేసే పని. లోపల దెబ్బతిన్న వెన్నుపామును అది అతికించదు. అందులో ఎంత తిరిగి వస్తుందన్నది దెబ్బ ఎక్కడ తగిలింది, పూర్తిగా తెగిందా కొంత మిగిలిందా అన్నదాని మీద ఆధారపడుతుంది. కొందరికి నెలల తరబడి నెమ్మదిగా బలం వస్తుంది, కొందరికి రాదు.

వచ్చినా రాకపోయినా ఈ రోజు బాత్రూంకి వెళ్లాలి. ఒంటె కాలు కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టుకోమన్న ప్రవక్త (స) బోధ మనకు తెలిసిందే. దువా చేస్తూనే ర్యాంపు కట్టండి. రేపు నడిచే రోజు వస్తే, మొదట వాకర్‌తో నడిచేది కూడా ఆ ర్యాంపు మీదే, పట్టుకునేది కూడా ఆ బాత్రూం కడ్డీనే. పైగా ఎండు పుళ్లూ ఇన్ఫెక్షన్లూ లేని ఒళ్లే ఫిజియోథెరపీకి పనికొస్తుంది. పుండు పడితే వ్యాయామం ఆగిపోతుంది.

ముందు టేపు తీసుకోండి

డిశ్చార్జ్‌కి కనీసం వారం ముందే ఇంట్లో ఒకరు టేపు, కాగితం పట్టుకుని తిరగాలి. వీధి నుంచి మంచం దాకా, మంచం నుంచి బాత్రూం దాకా వీల్‌చైర్ వెళ్లే దారి రాసుకోవాలి. ప్రతి తలుపు సందు, ప్రతి గడప ఎత్తు, ప్రతి మలుపు. తలుపు కొలిచేటప్పుడు చౌకట్టు కాదు, తలుపు తెరిచాక మిగిలే ఖాళీ కొలవండి. ఫోటోలు తీసి ఆస్పత్రిలోని ఫిజియోథెరపిస్టుకో ఆక్యుపేషనల్ థెరపిస్టుకో చూపించండి. ఏది మార్చాలో వాళ్లు చెబుతారు.

గుర్తుపెట్టుకోవాల్సిన కొలతలు ఇవి:

- తలుపు సందు: 3 అడుగులు (900 మిల్లీమీటర్లు) ఉంటే హాయి. 32 అంగుళాలైనా నడుస్తుంది.
- వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి: 5 అడుగుల జాగా (1500 మిల్లీమీటర్లు).
- ర్యాంపు: ప్రతి 1 అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు.
- కమోడ్, మంచం ఎత్తు: కుషన్‌తో సహా వీల్‌చైర్ సీటు ఎంత ఎత్తుంటే అంత. మామూలుగా 18 నుంచి 20 అంగుళాలు.

తలుపు ఒక్క అంగుళం, అంగుళంన్నర దగ్గర ఆగిపోతే గోడ పగలగొట్టక్కర్లేదు. తలుపు రెక్క తీసేసి మందపాటి పర్దా వేస్తే ఆ జాగా దొరుకుతుంది. ఇంట్లో ఆడవాళ్ల పర్దాకూ ఇబ్బంది ఉండదు.

మెట్లు, గడప

లెక్క వేద్దాం. ఇంటి ముందు 6 అంగుళాల మెట్లు నాలుగుంటే మొత్తం ఎత్తు 24 అంగుళాలు. 12తో గుణిస్తే ర్యాంపు 24 అడుగులు కావాలి. ఇరుకు గల్లీల్లో అంత జాగా ఎక్కడిది? అప్పుడు చాలా మంది చేసే పని, నాలుగు అడుగుల్లో నిటారుగా సిమెంటు పోసేయడం. అది బైక్ ఎక్కించడానికి పనికొస్తుంది గానీ మనిషికి కాదు. ఎక్కేటప్పుడు వీల్‌చైర్ వెనక్కి పల్టీ కొడుతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకు జారిపోతాడు.

జాగా తక్కువైతే గోడ వెంట మలుపు తిప్పి ర్యాంపు కట్టవచ్చు. మలుపు దగ్గర 5 అడుగుల చదును ఉండాలి. తలుపు ముందు కూడా అంతే చదును కావాలి, లేకపోతే తాళం తీస్తుండగా చైర్ వెనక్కి జారుతుంది. పక్క గల్లీ వైపు లేదా వెనక వైపు మెట్లు తక్కువుంటే దారి అటు మార్చండి. పై అంతస్తులో ఉండే కుటుంబమైతే కింద ఉంటున్న అన్నదమ్ములతో పోర్షన్ మార్చుకోవడమే అన్నిటికన్నా చవకైన మార్పు.

ర్యాంపు మీద నున్నటి టైల్స్, గ్రానైట్ వద్దు, వానకు జారుతాయి. గరుకు సిమెంటు చాలు. తడి మీదే మేస్త్రీ చేత చీపురుతో అడ్డ గీతలు గీయించండి. అంచుల్లో రెండు అంగుళాల గట్టు, ఒక పక్కనైనా పైపు రెయిలింగ్ ఉండాలి. అద్దె ఇల్లైతే రెండు మూడు అంగుళాల గడపలకు చెక్కతో చేసిన వాలు పలక పెట్టుకోండి, ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చు.

అసలు పరీక్ష బాత్రూం

డబ్బులు ఒక్క గదికే సరిపోతాయంటే ఆ గది బాత్రూమే కావాలి. ఇండియన్ టాయిలెట్ ఉంటే కమోడ్ పెట్టించండి. జాగా, డబ్బు రెండూ లేకపోతే చక్రాల కమోడ్ కుర్చీ కొనండి. మధ్యలో రంధ్రం ఉండే ఆ కుర్చీని తిన్నగా కమోడ్ మీదికి తోయవచ్చు, దాని మీదే స్నానం కూడా చేయవచ్చు. వీల్‌చైర్ కన్నా సన్నగా ఉంటుంది కాబట్టి ఇరుకు తలుపులోనూ పడుతుంది.

బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరిచే తలుపైతే మనిషి జారి తలుపుకు అడ్డంగా పడినప్పుడు బయటివాళ్లు తెరవలేరు. కమోడ్ పక్కన గోడకు స్టీల్ కడ్డీ బిగించాలి. టవల్ స్టాండ్ ఆ పనికి రాదు, మనిషి బరువంతా దాని మీద పడినప్పుడు ఊడి వస్తుంది. ఇటుక గోడలోకి దిగే బోల్టులతో బిగించి, ముందు ఇంట్లో బరువైన మనిషి వేలాడి చూడాలి.

ఇస్తింజా కోసం స్ప్రే పైపు బలంగా పనిచేసే చేతి వైపు ఉండాలి. స్నానానికి హ్యాండ్ షవర్ పెట్టిస్తే కూర్చునే గుసుల్, వుజూ రెండూ సులువు. వాష్ బేసిన్ కింద స్టాండు తీసేస్తే మోకాళ్లు లోపలికి వెళ్తాయి.

ఒక్క హెచ్చరిక. దెబ్బ తగిలిన చోటు కింద స్పర్శ ఉండదు. గీజర్ నీళ్లు కాళ్ల మీద పడి బొబ్బలెక్కినా తెలియదు. నీళ్లు ముందు చేతితో చూసుకున్నాకే కాళ్ల మీద పోసుకోవాలి. వేడి టీ గ్లాసు ఒళ్లో పెట్టుకోవడం, చలికాలంలో కాళ్ల దగ్గర కుంపటి లేదా హీటర్ పెట్టడం కూడా అంతే ప్రమాదం.

మంచం, పరుపు, కుషన్

మంచానికి ఒక పక్క మూడు అడుగుల ఖాళీ ఉంచండి. మంచం పల్లంగా ఉంటే కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు సరిచేయండి. రెండూ ఒకే ఎత్తులో ఉంటే చేతుల్లో బలం ఉన్న మనిషి నున్నటి చెక్క పలక మీదుగా తనంతట తాను జరుగుతాడు. ఈ పలకను వడ్రంగి చేత చేయించుకోవచ్చు. రెండున్నర అడుగుల పొడవు, మూలలు గుండ్రంగా, ఎక్కడా పీచు లేకుండా ఉండాలి.

పుళ్లు రాకుండా చూసుకోవడం రోజువారీ పని. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కూర్చున్నప్పుడు ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు చేతుల మీద లేవాలి, లేదా పక్కలకు వంగి బరువు తీయాలి. పొద్దున, రాత్రి అద్దంతో పిరుదులు, తోక ఎముక, మడమలు చూసుకోవాలి. ఎర్రటి మచ్చ నొక్కినా పోకపోతే అది తగ్గేదాకా ఆ భాగం మీద బరువు వేయకూడదు. మందుల షాపులో దొరికే గుండ్రటి గాలి ట్యూబు కొనకండి, అది చుట్టూ రక్తాన్ని ఆపి పుండును పెంచుతుంది. డబ్బు పెట్టాల్సింది వీల్‌చైర్ కుషన్ మీద. మోటారుతో నడిచే గాలి పరుపు వాడితే కరెంటు పోయినప్పుడు అది దిగిపోతుంది, ఇన్వర్టర్‌కు కలపండి.

ఛాతీ మధ్య భాగంలో గానీ ఆపైన గానీ దెబ్బ తగిలినవాళ్ల ఇళ్లలో ఇంకో సంగతి అందరికీ తెలిసి ఉండాలి. ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే బీపీ ఒక్కసారిగా పెరిగిందని అర్థం. చాలాసార్లు కారణం మూత్రం ఆగిపోవడమే. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, మూత్రం పైపు మెలిపడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

దస్తర్‌ఖాన్ కొంచెం పైకి

మార్పంటే సిమెంటు, ఇనుము మాత్రమే కాదు. అందరూ కింద దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటే చైర్‌లో ఉన్న మనిషి పక్కన ఒంటరిగా ప్లేటు పట్టుకుంటాడు. ఇఫ్తార్‌కైనా, రోజుకు ఒక పూటైనా దస్తర్‌ఖాన్‌ను బల్ల మీద పరవండి. ఆ బల్ల కింద మోకాళ్లు పట్టే జాగా ఉంటే చాలు.

చైర్‌లో ఉన్నది ఇంటి ఆడబిడ్డో కోడలో అయితే "ఇక నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం" అని వంటగది మూసేస్తాం. ఆమెకు కావాల్సింది అది కాకపోవచ్చు. 30 నుంచి 32 అంగుళాల ఎత్తులో ఒక బల్ల, దాని కింద ఖాళీ, దాని మీద స్టవ్ ఉంటే ఆమె తన ఇంటిని తాను నడుపుకుంటుంది. డబ్బాలు పై అరల నుంచి దించండి. స్విచ్ బోర్డులు, తలుపు గడియ చేతికందే ఎత్తులో పెట్టండి. రాత్రి లైటు వేయమని పిల్లల్ని బతిమాలే అవసరం రాకూడదు.

నమాజు, మసీదు

నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చని మనకు తెలుసు. మూత్రం పైపు ఉందని నమాజు మానేసేవాళ్లున్నారు. హనఫీ ఫిఖహ్‌లో ఇలాంటివారిని మాజూర్ అంటారు, ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుంటే సరిపోతుంది. మీ పరిస్థితి చెప్పి మీ ఆలిమ్‌ని అడగండి.

మసీదు కమిటీలకు ఒక మాట. ఏసీలు, ఝూమర్లు పెట్టే ముందు గేటు దగ్గర ఒక ర్యాంపు, కూర్చుని వుజూ చేసే ఒక కుళాయి, తలుపు వెడల్పున్న ఒక టాయిలెట్ చూడండి. చక్రాల మట్టి సమస్యైతే గుమ్మంలో తడి గుడ్డ పెడితే తుడుచుకుని లోపలికి రావచ్చు. జుమాకు రాగలిగిన మనిషిని వారానికోసారి మహల్లా అంతా కలుస్తుంది. ఆ కలయిక కూడా వైద్యమే.

బయటికి ఎలా?

ముందు సరైన వీల్‌చైర్. నాలుగూ చిన్న చక్రాలే ఉన్న కుర్చీ కొంటే జీవితాంతం ఎవరో ఒకరు తోయాల్సిందే. వెనక పెద్ద చక్రాలు, వాటికి చేతితో తోసే రింగు ఉన్నదే కొనండి. సీటు మనిషి తుంటి వెడల్పు కన్నా ఒక అంగుళం మాత్రమే ఎక్కువుండాలి.

కారులో అయితే ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, చైర్‌ను పక్కన ఆనించి, బ్రేకులు వేసి, పలక మీదుగా ముందు నడుం లోపలికి, తర్వాత ఒక్కో కాలు. చంకల్లో చేతులేసి లాగితే భుజం కీళ్లు దెబ్బతింటాయి, ఇక మీద ఆ భుజాలే అతని కాళ్లు. క్యాబ్ బుక్ చేసేటప్పుడు సీఎన్‌జీ కారా అని అడగండి, డిక్కీలో సిలిండర్ ఉంటే వీల్‌చైర్ పట్టదు. స్పర్శ లేనివాళ్లకు కారులోనూ కుషన్ కావాలి.

నడుం నిలిచే బలం ఉన్నవాళ్లు పక్క చక్రాలు బిగించిన స్కూటర్ నడుపుతున్నారు. వెనక ఆసరా, బెల్టు తప్పనిసరి. ఆ మార్పును ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీలో నమోదు చేయించి, తగిన లైసెన్సు తీసుకోండి. లేకపోతే ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చిక్కుల్లో పడుతుంది. ఐఐటీ మద్రాస్‌లో రూపుదిద్దుకున్న నియోబోల్ట్ అనే బ్యాటరీ బండిని వీల్‌చైర్ ముందు తగిలిస్తే అదే మూడు చక్రాల బండి అవుతుంది, గంటకు 25 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ఆటోమేటిక్ గేర్ కారుకు యాక్సిలరేటర్, బ్రేకు చేతితో నడిపే లివర్లు కూడా బిగిస్తారు.

హైదరాబాద్ మెట్రోలో లిఫ్టులు, బోగీలో వీల్‌చైర్‌కు జాగా ఉన్నాయి. ఆర్టీసీ బస్సుల సంగతి వేరు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. కానీ ఎత్తైన మెట్లున్న బస్సు ఎక్కలేని మహిళకు ఆ టికెట్ ఉచితమైనా ఒకటే, కాకపోయినా ఒకటే. ఈ మాట మన ప్రజాప్రతినిధులను అడగాల్సిందే.

రైల్లో తోడు లేకుండా వెళ్లలేని దివ్యాంగులకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చేవారికీ అంతే. దానికి రైల్వే గుర్తింపు కార్డు తీసుకోవాలి. విమానానికైతే 48 గంటల ముందే వీల్‌చైర్ సహాయం కావాలని ఎయిర్‌లైన్‌కు చెప్పండి. ఉమ్రా ఆశ ఉన్నవాళ్లు నిరాశపడక్కర్లేదు. మస్జిదుల్ హరామ్‌లో వీల్‌చైర్ మీద తవాఫ్, సయీ చేయవచ్చు, సఫా మర్వాల మధ్య వీల్‌చైర్లకు విడిగా దారి ఉంది.

కాగితాలు వాయిదా వేయకండి

మొదట సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికే చాలా ప్రయోజనాలు అందుతాయి. మీసేవలో, ఆంధ్రలో సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోవచ్చు. డిశ్చార్జ్ సమ్మరీ, ఎమ్మారై రిపోర్టులు దాచుకోండి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు అక్కడి ఆస్పత్రి కాగితాలు, పని ప్రమాదం రిపోర్టు తప్పక తెచ్చుకోవాలి, పరిహారం అడగడానికి అవే ఆధారం.

పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. ఆంధ్రలో 2024 నుంచి దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. కేంద్రం ఏడీఐపీ పథకం కింద అలింకో సంస్థ క్యాంపులు పెట్టి అర్హులకు వీల్‌చైర్లు, 80 శాతం పైన వైకల్యం ఉన్నవారికి మోటారు ట్రైసైకిళ్లు ఇస్తుంది. రంజాన్‌లో జకాత్, సదఖా తీసే సోదరులు కూడా ఆలోచించాలి. హక్కుదారుడైన పేద కుటుంబానికి ఒక కమోడ్, ఒక ర్యాంపు కట్టించడం ఒక నెల రేషన్ కన్నా ఎక్కువ కాలం నిలిచే సాయం.

చివరి మాట

వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుం కింది భాగం చచ్చుబడింది. ఆమె వీల్‌చైర్‌లో కూర్చునే కుష్టు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత తనలాంటివారు తిరిగి బతుకులోకి రావడానికి అక్కడే పునరావాస విభాగాన్ని నిలబెట్టారు. ఆమె కాళ్లు తిరిగి రాలేదు. కానీ ఆపరేషన్ థియేటర్ తలుపు ఆమెకు మూసుకోలేదు.

మన ఇంటి మనిషికి దుకాణం గల్లా దగ్గర, మొబైల్ రిపేర్ బల్ల దగ్గర, పిల్లల హోంవర్క్ దగ్గర, జుమా సఫ్‌లో తన జాగా తనకు కావాలి. మనం చేసే ఖిద్మత్ గొప్పదే. అతను ఎవర్నీ పిలవకుండా తనంతట తాను బాత్రూంకి వెళ్లి వచ్చిన రోజు అతని ముఖం చూడండి. అది ఏ ఖిద్మతూ ఇవ్వలేని ఇజ్జత్. ఈ సాయంత్రమే టేపు తీసుకుని ఆ తలుపు కొలవండి. అల్లాహ్ ప్రతి వ్యాధిగ్రస్తుడికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.